ఈ నెల లోతునీళ్ల స్నాపర్ ఎందుకు లేదంటే

ఆదివారం స్నాపర్ కోసం అడ్వాన్సు ఇచ్చిన పద్నాలుగు ఇళ్లవాళ్లకు ముందు క్షమాపణ. చేప రాలేదని ఫోన్‌లో మా అబ్బాయి చెప్పాడు. అది పూర్తి నిజం కాదు. చేప వచ్చింది, నేనే దింపుకోలేదు. రేటు పెంచడానికి నాటకమని ఒకరు గ్రూపులో పెట్టారు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వచ్చి జంగ్లీఘాట్‌లో చేపల బుట్ట ఎత్తిన నాటి నుంచి మమ్మల్ని ఆ మాట అన్నవాళ్లు లేరు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

శనివారం తెల్లారకముందే జెట్టీలో పెట్టె మూత తీశాను. పైన నాలుగు మంచి చేపలు, రెండేసి కిలోలు ఉంటాయి. ఐస్ తోడితే కిందంతా జానెడు పిల్లలే. పదకొండేళ్లుగా నాకు చేప పోస్తున్న బోటతని పెట్టె అది. నన్ను బేరగాడిలా చూసి పైన నాలుగు పేర్చాడే, ఆ బాధ ఇంకా పోలేదు.

మనం తినే ఈ రకం శాస్త్రీయ నామం ప్రిస్టిపోమాయిడెస్ ఫిలమెంటోసస్. వెన్నురెక్క చివర దారంలా సాగి ఉంటుంది, దాన్ని బట్టే ఆ పేరు. హవాయిలో దీన్ని ఓపాకాపాకా అంటారు, దీని మీద ఎక్కువ పరిశోధన అక్కడే జరిగింది. పెద్దవి నూరు మీటర్లు దాటిన లోతులో, రాళ్లున్న ఏటవాలు అంచుల మీద తిరుగుతాయి. పిల్లలు అక్కడ ఉండవు. 60 నుంచి 100 మీటర్ల లోతులో, రాయీ రప్పా లేని చదును నేల మీద గుంపుగా పెరుగుతాయని హవాయివాళ్లు గమనించారు. అంటే మనవాడు ఈసారి అంచుదాకా వెళ్లలేదు. డీజిల్ మిగుల్చుకుని దగ్గర్లో పిల్లల గుంపు దొరికితే దాని మీదే గేలాలు వేశాడు. అడిగితే కాదనలేదు కూడా.

అతను అన్న ఒక్క మాట మాత్రం నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వలేదు. "చచ్చిన చేపే కదన్నా, నువ్వు కొనకపోతే బతుకుతుందా?" నిజమే. ఈ చేపను అంత లోతు నుంచి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి కడుపును నోట్లోంచి బయటికి తోస్తుంది, కళ్లు పొంగుతాయి. (నోట్లో ఎర్రగా ఏదో ఉంది, రోగమా అని అడిగే అక్కలూ, అది ఇదే. రోగం కాదు.) ఊరికే నీళ్లలోకి విసిరేస్తే చాలావరకు మళ్లీ కిందికి దిగలేక తేలిపోతుంది. కాబట్టి చిన్నది పడ్డాక వదిలేయడంలో పుణ్యం లేదు. అసలు ఆ చోటికి వెళ్లకపోవడమే మార్గం. నేను డబ్బిస్తే అతను వచ్చే వారం కూడా అక్కడికే వెళ్తాడు. ఈ చేప నలభై ఏళ్లకు పైగా బతుకుతుందని తేలింది. ఆడది గుడ్లు పెట్టే ఈడుకు వచ్చేసరికి దాదాపు 40 సెంటీమీటర్లు ఉంటుంది. పెట్టెలో ఉన్నవి అందులో సగం. హవాయిలో పౌండు, అంటే సుమారు 450 గ్రాములు, లేని ఓపాకాపాకాను అమ్మడానికే వీల్లేదు. ఇక్కడ నన్ను ఎవరూ ఆపరు.

అన్నీ తీసుకో, లేదంటే అన్నీ వదిలెయ్ అన్నాడు. ఆ పెద్దవి నాలుగూ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. పెట్టె మొత్తం పక్క దుకాణానికి వెళ్లింది, పది గంటలకల్లా అమ్ముడైపోయింది. పెనంలో సరిగ్గా పట్టే సైజు మరి. మా ఆవిడ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు.

ఇక మీకు సంబంధించిన సంగతి. అడ్వాన్సులు పుస్తకంలో రాసి ఉన్నాయి, చీటీ లేకపోయినా తిరిగిస్తాను. వేరే బోటతనితో మాట్లాడుతున్నాను. అంచు మీద వేటాడి, 40 సెంటీమీటర్లకు తగ్గనివి తెస్తేనే స్నాపర్ ఉంటుంది. రకమూ సైజూ మీ కళ్లకే కనపడేలా తల, చర్మం ఉన్న చేపే అమ్ముతాను. రేటు పాతదే, నాటకం అన్న పెద్దమనిషికి కూడా. అప్పటిదాకా వంజరం, కానాగడతలు రోజూ ఉంటాయి.

పాత బోటతను నిన్న జెట్టీలో ఎదురుపడి మొహం తిప్పుకున్నాడు. నేనూ పలకరించలేదు.