ఆర్కిడ్ కుండీ మార్చే ముందు ఇది చదువు

ఒరేయ్ వాసూ,

ఫొటోలు చూశాను. వేళ్ళు కుండీ దాటి బయటికొచ్చేశాయని కంగారుపడుతున్నావు గానీ, నీ దగ్గరున్న ఫెలనాప్సిస్ రకం ఆర్కిడ్‌కి అది మామూలేరా. అడవిలో చెట్టు కొమ్మల్ని పట్టుకుని బతికే జాతి అది, వేళ్ళకి గాలి తగలాల్సిందే. కుండీ మార్చాలా వద్దా అన్నది లోపల మట్టి బదులు నింపిన బెరడు, నాచు లాంటి సరుకుని చూసి తేల్చుకోవాలి. వేలు గుచ్చి చూడు. బెరడు ముక్కలు పిండిలా నలిగినా, మురుగు వాసన కొట్టినా, నీళ్ళు పోసి వారమైనా లోపల చెమ్మ ఆరకపోయినా దాని పని అయిపోయినట్టే. బెరడైతే సుమారు రెండేళ్ళు ఆగుతుంది. నాచు (కుండీల్లో వాడే ఎండు స్ఫాగ్నం మాస్) అంతకంటే ముందే పాడవుతుంది, వానాకాలం దాటితే దాన్ని నమ్మకు.

నీ మొక్కకి ఇంకా రెండు పూలున్నాయి కదా, రాలేదాకా ఆగు. ఆ తర్వాత కొత్త వేరు కొస పచ్చగా ఒకటి రెండు సెంటీమీటర్లు కనిపించినప్పుడు మారిస్తే కొత్త కుండీలో చప్పున నాటుకుంటుంది. హైదరాబాద్ ఎండల్లో ఏప్రిల్, మే నెలల జోలికి పోకు. మార్చి మొదట్లో కుదిరితే సరే, లేదంటే తొలకరి పడి వేడి తగ్గాక. ఒకవేళ కుళ్ళు వాసన వస్తుంటే మాత్రం ముహూర్తం చూడకు. పూలకాడ కోసి నీళ్ళ గ్లాసులో పెట్టుకుని, మొక్కని ఆరోజే బయటికి తియ్యి.

సరుకు సంగతి. ఒకటి రెండు సెంటీమీటర్ల పైన్ బెరడు ముక్కలు మూడు వంతులు, కట్టెబొగ్గు ఒక వంతు. బొగ్గు కోసం ఆన్‌లైన్లో డబ్బు తగలెయ్యకు, ఇస్త్రీ బండి దగ్గర దొరికేదే చాలు, కడిగి వాడు. బెరడు దొరక్కపోతే కొబ్బరి డొక్క ముక్కలు వాడొచ్చు గానీ, ఉప్పు పోవాలంటే రెండు రోజులు నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాలి. మీ బాల్కనీలో పొడిగాలి కాబట్టి గుప్పెడు నాచు కలుపు. మీ అక్కయ్య వాళ్ళ విశాఖలోనైతే నాచు వద్దు, బదులుగా పెంకు ముక్కలు వెయ్యమను. మట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కడైనా సరే అస్సలు వద్దు.

కొత్త కుండీ పాతదానికంటే రెండు సెంటీమీటర్లు వెడల్పుంటే చాలు. పెద్దది కొంటే నడిమధ్య తడి ఆరక వేళ్ళు కుళ్ళుతాయి. చిల్లులున్న పారదర్శక ప్లాస్టిక్ కుండీ అయితే వేళ్ళ రంగు బయటికే కనిపిస్తుంది: పచ్చగా ఉంటే తడుంది, వెండిరంగుకి తిరిగితే నీళ్ళు పొయ్యాలి.

పని మొదలెట్టే గంట ముందు నీళ్ళు పొయ్యి, వేళ్ళు మెత్తబడి విరక్కుండా వస్తాయి. కుండీని చేత్తో నొక్కుతూ మొక్కని వదులు చెయ్యి. ఇక్కడ అసలు కీలకం: నర్సరీ మొక్కల్లో చాలావాటికి సరిగ్గా కాండం కింద బిగుసుకుపోయిన నాచు ముద్ద ఒకటి దాగి ఉంటుంది, కొన్నిటికి చిన్న ప్లాస్టిక్ జాలీ కప్పు కూడా. పైనంతా ఆరినా అది తడిగానే ఉంటుంది, కుళ్ళు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. చిన్నగా విప్పి మొత్తం తీసెయ్యి. తర్వాత ఒక్కో వేరునీ నొక్కి చూడు. రంగుని బట్టి కోసెయ్యకు. గోధుమరంగులో ఉన్నా గట్టిగా ఉంటే అది బతికున్నదే. బోలుగా అయ్యి, పై తొడుగు ఊడొచ్చి సన్నటి పోగు మిగిలితేనే కత్తిరించు. కత్తెరని మంట మీద కాల్చు, ఇంకో మొక్క ముట్టుకునే ముందు మళ్ళీ కాల్చు, వైరస్‌లు మొక్క రసం ద్వారా అంటుకుంటాయి. దాల్చినచెక్క పొడి కోసిన చోట మాత్రమే అద్దు, మంచి వేరు మీద పడితే దాన్ని ఎండగొడుతుంది.

అడుగు ఆకు మొదలు సరుకు పైమట్టానికి వచ్చేలా నిలబెట్టు, మొవ్వు పూడ్చకు. బయట పెరిగిన వేళ్ళని బలవంతంగా లోపలికి కుక్కకు, విరుగుతాయి. ముక్కలు వేస్తూ కుండీని తట్టు. చివర్లో కాండం పట్టుకుని లేపితే కుండీ కూడా లేవాలి. మొక్క ఊగుతుంటే పుల్ల కట్టు, ఊగితే కొత్త వేరు కొసలు ఒరుసుకుని చస్తాయి.

వేళ్ళు కోసుంటే నాలుగైదు రోజులు నీళ్ళు బంద్. ఎండ తగలని చోట పెట్టు. ఆకులు కాస్త వాలతాయి, అడుగు ఆకు పండిపోవచ్చు కూడా. చాలామంది మొక్కని చంపేది ఇక్కడే: వాలిందని ఇంకా నీళ్ళు పోస్తారు. తాగడానికి వేళ్ళే లేనప్పుడు ఆ నీళ్ళేం చేస్తాయి, ఉన్న నాలుగింటినీ కుళ్ళబెట్టడం తప్ప! కొత్త వేళ్ళు కదిలేదాకా ఎరువూ వద్దు. తర్వాత 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరు నీళ్ళకి అర గ్రాము, పదిహేను రోజులకోసారి.

నీ ఇంకో రకం ఆర్కిడ్, డెండ్రోబియానికి పద్ధతి వేరు. ముసలి కాడలు కుండీ గోడ వైపుకి, కొత్త పిలక ఖాళీ వైపుకి పెట్టాలి. ఆకులు రాలిన కాడలు ఎండిపోనంతవరకు కొయ్యకు, మొక్క దాచుకున్న తిండి వాటిలోనే ఉంది. ఇరుకు కుండీలో హాయిగా పూస్తుంది. ఇక బుట్టలో వేలాడే ఆ వాండా ఆర్కిడ్‌ని కదపనే కదపకు. బుట్ట చివికిపోతే పాత బుట్టతో సహా పెద్ద బుట్టలో దింపెయ్యి, అంతే.

పూలు రాలాక వేరు కొసల ఫొటో ఒకటి పంపరా.

నీ
రఘు