నరికిన కొద్దీ దుబ్బు కడుతున్నాయి

సంపాదకులకు,

అయ్యా,

వానలకు ముందు మన విశాఖలో గెడ్డల్లో, అంటే వాగుల్లో, పూడిక తీయడం, కొండవాలుల్లో తుప్పలు కొట్టడం ఏటా జరిగే పనే. మళ్లీ ఏడాదికి అవే చోట్ల అవే తుప్పలు. ఇందులో కూలీల తప్పేమీ లేదు. ఎన్ని ఎకరాలు కొట్టారు, ఎన్ని లోడ్లు ఎత్తారు అని బిల్లు కడితే కొట్టడం, ఎత్తడమే జరుగుతాయి. మొక్క పోయిందా లేదా అన్నది ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

ఇలా తిరిగొచ్చే వాటిలో ముఖ్యమైనవి పరాయి దేశాల నుంచి వచ్చి పాకిన మొక్కలే. అలాగని పరాయి దేశం మొక్క కనిపిస్తే చాలు కత్తి పట్టమని మేము అనడం లేదు. మిరప, జామ, జీడిమామిడి సముద్రం దాటి వచ్చినవే. అరకు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. తెచ్చిన వాటిలో కొన్నే తోట దాటుతాయి, దాటిన వాటిలో కొన్నే నిలదొక్కుకుంటాయి. అవి కూడా చాలా ఏళ్లు అణిగిమణిగి ఉండి, చోటు దొరికాక విరుచుకుపడతాయి. చోటంటే తిరగేసిన మన్ను, మురుగు కలిసిన నీరు, చెట్టు కూలాక నేల మీద పడే ఎండ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన కొండల మీద ఆ చోటే తెరిచింది. అలాంటి జాగాలో ముందుగా లేచేవి ఎండ కోరే తుప్పలే.

పులికంప అనే లాంటానాను చూడండి. 19వ శతాబ్దం మొదట్లో పూల అందం కోసం కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చిన మధ్య, దక్షిణ అమెరికాల మొక్క ఇది. దీని ఆకు విషం కాబట్టి పశువులు సాధారణంగా ముట్టవు. నల్లగా పండిన కాయల్ని మాత్రం పిట్టలు తిని, వాలిన చోటల్లా గింజ వేస్తాయి. కాండం వేరుతో కలిసే మెడ దగ్గర దీనికి చిగురు మొగ్గలు దాగి ఉంటాయి. కత్తితో జానెడు ఎత్తున నరికితే ఒక కొమ్మ ఉన్నచోట పది లేచి దుబ్బు కడుతుంది. నిప్పు పెట్టినా అంతే. పైది కాలుతుంది, మెడ బతుకుతుంది. జేసీబీతో లాగితే ఇంకా చేటు. మన్ను తిరగబడి లోపలి గింజలు పైకి వస్తాయి, తడి మన్నులో పడిన కొమ్మ ముక్కలు వేరు పట్టేస్తాయి.

సరైన పని నిదానంగా సాగుతుంది. కాయ పండకముందే మొదలుపెట్టాలి. ఒకరు కర్రతో కొమ్మల్ని వంచి పట్టుకుంటే, మరొకరు గునపంతో నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరు తెగ్గొట్టాలి. లేచిన దుబ్బును తలకిందులు చేసి, వేర్లు ఆకాశం వైపు ఉండేలా పెట్టాలి. పక్కకు పడేస్తే మళ్లీ పాతుకుంటుంది. ఆ తర్వాత రెండు మూడేళ్లు వానల వెనక తిరిగి వెళ్లి మొలకలు పీకాలి. కొండంతా వెతకనక్కర్లేదు, పిగిలిపిట్టలు, గోరింకలు వాలే చెట్ల కింద చూస్తే చాలావరకు దొరుకుతాయి. ఖాళీ అయిన జాగాలో ఆ వానకే మన గడ్డి విత్తనం చల్లాలి, కానుగ, రేల నాటాలి. బోసిగా వదిలితే పులికంపే తిరిగొస్తుంది.

నీటి మీద తేలుతూ పెరిగే గుర్రపుడెక్క సంగతి వేరు. దీని తల్లిమొక్క తీగలు సాచి పిల్లల్ని పెడుతుంది. వేడి, మురుగులోని నత్రజని, భాస్వరం దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. గింజలు అడుగు బురదలో 15 ఏళ్లకు పైగా బతకగలవు. ఎత్తిన డెక్కను గట్టు అంచునే కుప్ప పోస్తే మొదటి వానకే నీళ్లలోకి జారుతుంది. అది నూటికి 90 పాళ్లకు పైగా నీరే కాబట్టి, వరద అందని చోట పలచగా ఆరబెడితే కుప్ప చిక్కిపోతుంది, లారీలూ తగ్గుతాయి. నీటి మీద వెదురు బొంగులు అడ్డం కట్టి, ఎగువ నుంచి దిగువకు గదులు గదులుగా తీసుకురావాలి. ఎగువన ఒక్క ముక్క మిగిలినా పని మళ్లీ మొదటికే. మేఘాద్రిగెడ్డ వంటి జలాశయానికి వచ్చే మురుగును ఆపకుండా డెక్క తీయడం మాత్రం, కుళాయి కట్టేయకుండా నేల తుడవడమే.

వయ్యారిభామ అనే పార్థీనియం కలుపు మధురవాడ, కొమ్మాది లాంటి చోట్ల ఖాళీ ప్లాట్లకు లారీ టైర్ల బురదతో, తోలుకొచ్చిన మట్టితో చేరుతుంది. ఒక మొక్క 15 వేలకు పైగా గింజలు రాల్చగలదు. మొలిచిన నెల, నెలన్నరకే పూస్తుంది. కాబట్టి వాన పడిన వారంలో, పువ్వు రాకముందే, చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేరుతో పీకాలి. ఒంటికి తగిలితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం వచ్చేవాళ్లున్నారు. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మాడుతుంది. కానీ ఉప్పుకు పక్క మొక్క ఏదో తెలియదు, నేల కూడా పాడవుతుంది. పంట, చెట్టు ఏవీ లేని బాట పక్కనే వాడాలి.

కాబట్టి ఈ పనుల టెండర్లలో రెండు షరతులు చేర్చమని కోరుతున్నాం. బిల్లులో కనీసం మూడో వంతు ఆపి, మరుసటి వానల తర్వాత అదే జాగా తనిఖీ చేశాకే చెల్లించాలి. వయ్యారిభామ పూసిన చోట తవ్విన మట్టిని పార్కులకూ, రోడ్డు మధ్య మొక్కల తొట్లకూ తోలకూడదు.

ఇట్లు,
వృక్షశాస్త్ర అధ్యాపకులు కొందరు,
విశాఖపట్నం