నవంబరు వార్తాలేఖ: ఆ సోమవారం రెండు పీరియడ్ల గురించి

తల్లిదండ్రులకు, ఇంటి పెద్దలకు నమస్కారం.

గత సోమవారం మొదటి రెండు పీరియడ్లూ పాఠం జరగలేదన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నదని విన్నాను. నిజమే, ఆపించింది నేనే. మన ఎనిమిదో తరగతి అమ్మాయికీ, ఐదో తరగతిలో ఉన్న ఆమె తమ్ముడికీ తాతమ్మగారు 96వ ఏట కాలం చేశారు. పెద్దకర్మ ముగించుకొని వచ్చిన పిల్లలిద్దరూ ప్రార్థనలో ఆవిడ గురించి మాట్లాడతామంటే పది నిమిషాలకు ఒప్పుకున్నాను. అది గంటన్నర అయింది.

అమ్మాయి సొట్టపడిన ఇత్తడి చెంబు ఒకటి పట్టుకొచ్చింది. దివిసీమ దాటకుండానే మద్రాసు రాష్ట్రంలోనూ, 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రంలోనూ, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ కాపురం చేసిన తాతమ్మ, 1957లో నయాపైసలు వచ్చినా చివరిదాకా పావలాను నాలుగణాలనే అనేదని, కాగితం చూడకుండా, ఒక్క తేదీ తప్పకుండా చెప్పింది. ఈ పిల్లే నిరుడు స్టేజీ ఎక్కమంటే ఏడ్చిందని గుర్తుచేయడం నాకు గర్వంగా ఉంది.

తమ్ముడు చెప్పింది చిన్న సంగతి. రోజూ పడుకునేముందు తాతమ్మ అందరి తలలూ తడుముతూ లెక్కపెట్టి, "ఇద్దరు తక్కువయ్యారే" అనేదట. ఆవిడకు లెక్కలు రావని వీడు నవ్వేవాడట. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో చేయి జారిపోయిన ఇద్దరు మనవల సంగతి దినవారాల్లోగానీ వాడికి తెలియలేదు. ఆ తరువాత వెళ్లి లెక్కల పాఠం మొదలుపెట్టండని మాస్టారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చావు కబుర్లు పిల్లలకెందుకని ఒకరు ఫోన్ చేశారు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప లాంటి ఉప్పెన దెబ్బ తిన్న ఊళ్ల పక్కన పెరుగుతున్న పిల్లవాడికి ఉప్పెన రెండు మార్కుల ప్రశ్నగా మాత్రమే తెలియడం నాకు సమ్మతం కాదు. ఆనాడు పదేళ్లున్నవారికి ఈనాడు దాదాపు అరవై. ఇంటి బాధ్యత మోస్తూ ఆ రాత్రిని చూసినవారు ఇక ఎందరున్నారో మీ వీధిలోనే లెక్కపెట్టి చూడండి. అందుకే ఇంటి పెద్దలను అడిగి ఒక పేజీ రాసుకురమ్మని దసరా సెలవుల్లో పని ఇచ్చాను.

పదకొండు నోటుపుస్తకాల్లో ఒకే పేరా, అవే అక్షరదోషాలతో వచ్చింది. మీకు తీరిక చాలదని ఎరుగుదును. అయినా రాత్రి భోజనాలవేళ ఫోన్లు పక్కనపెట్టి, టీవీ కట్టేసి, వెనక వసారాలో ఒంటరిగా తింటున్న నాయనమ్మ దగ్గర పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి పావుగంట చాలు. "ఆవిడకేం గుర్తులేదండీ" అన్న ఒక తండ్రిగారి తల్లిని బడి గేటు దగ్గర పలకరిస్తే, పెళ్లయి కాలువ మీద పడవలో అత్తవారింటికి వచ్చినప్పుడు దాటిన ఊళ్లన్నీ వరసగా చెప్పారు. తమలపాకు నములుతూ.

సమ్మేటివ్ పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం, బస్సు ఫీజు బకాయిలు దయచేసి కట్టేయండి.

ఆ పదకొండుమందీ పేజీని తిరిగి రాసి 19వ తేదీలోగా తేవాలి. దస్తూరీతోపాటు వాక్యాలు కూడా పిల్లలవే అయితే సంతోషిస్తాను. తాతమ్మగారి చెంబు నా గదిలో బీరువా మీద భద్రంగా ఉంది. అది పిల్లల చేతికిచ్చి పంపడం నాకిష్టం లేదు, ఇంట్లో పెద్దవారెవరైనా వచ్చి తీసుకువెళ్లగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు