‘అరెస్టు చూపించారు’ అని రాయకండి

సంపాదకులకు,

‘మంగళవారం రాత్రి అదుపులోకి తీసుకున్న నిందితుణ్ణి గురువారం ఉదయం అరెస్టు చూపించారు.’ జిల్లా పేజీల్లో ఇలాంటి వాక్యం కనబడని వారం ఉండదు. చట్ట ఉల్లంఘన మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అయినా వార్త చోరీ సొత్తు విలువ మీదికి, ఎస్పీ గారి అభినందనల మీదికి వెళ్లిపోతుంది. అరెస్టు చేస్తారు, లేదా చేయరు. చూపించడమన్నది ఏ సెక్షన్లోనూ లేదు.

రాజ్యాంగం 22వ అధికరణ, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 58వ సెక్షన్ చెప్పేది ఒకటే: పట్టుకున్న మనిషిని ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పేచీ అంతా ఆ గంటలు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలనే. స్టేషన్లో అరెస్టు మెమో (అరెస్టు వివరాల కాగితం) రాసిన క్షణం నుంచి కాదు, మనిషి తన ఇష్టం మీద కదిలే వీలు పోయిన క్షణం నుంచి. తెలంగాణ హైకోర్టు 2024లో ఇదే తేల్చింది. ‘విచారణకు రమ్మన్నాం, అంతే’ అనే మాట ఇక్కడ నిలవదు. విచారణకే పిలిచి ఉంటే, మధ్యలో లేచి ఇంటికెళ్లి భోంచేసి రానివ్వాలి కదా!

మోసం జరిగేది అరెస్టు మెమోలో. బీఎన్‌ఎస్‌ఎస్ 36వ సెక్షన్ ప్రకారం అందులో కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, నిందితుడూ పెట్టాలి. ఆచరణలో ఆ సాక్షి తరచూ స్టేషన్‌కు అలవాటైన పంచ్ (పంచనామా సాక్షి). మెమోలో టైము రిమాండ్ వేళ నుంచి వెనక్కి లెక్కేసి వేసింది. సంతకం పెట్టేటప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటే పెట్టకూడదు. తప్పనిసరైతే, తీసుకొచ్చిన వేళ సంతకం పక్కనే రాయాలి.

అరెస్టుకు కారణాలు నోటితో చెబితే సరిపోదు. రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, రిమాండ్‌కు కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టం చేసింది. తెలుగు తప్ప రాని కూలీ చేతిలో ఇంగ్లిషు కాగితం పెడితే అది ఇచ్చినట్టు కాదు.

ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అసలు అరెస్టు మొదటి మెట్టే కాదు. విచారణకు హాజరు కమ్మని 35(3) సెక్షన్ నోటీసు ఇవ్వాలి. స్టేషన్లలో ఇంకా దాన్ని పాత సీఆర్‌పీసీ సెక్షన్ పేరుతో 41ఏ అనే అంటారు. పిలిచినప్పుడల్లా హాజరవుతున్న వాణ్ణి అరెస్టు చేయాలంటే ఎందుకు అవసరమో కారణాలు రాసుకోవాలి. అర్నేష్ కుమార్ కేసులో 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ కారణాలు చూడకుండా రిమాండ్ ఇవ్వవద్దని మేజిస్ట్రేట్లకూ చెప్పింది. నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. మూడేళ్ల కన్నా తక్కువ శిక్ష ఉన్న కేసులో అరవై దాటిన వారినీ, జబ్బు మనుషులనూ అరెస్టు చేయాలంటే డీఎస్పీ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ అనుమతి కాగితం ఉందా అని అడిగేవాళ్లే తక్కువ.

ఇక రుజువు సంగతి. ఇదివరకు రాత్రి ఎవరినైనా తీసుకెళ్తే వకీళ్లు వెంటనే టెలిగ్రాం కొట్టించేవారు, దాని మీద పడే వేళ కోసం. 2013లో ఆ సేవ పోయింది. ఇప్పుడు 112కు కాల్, ఎస్పీకి, కమిషనరేట్లలో అయితే కమిషనర్‌కు ఈమెయిల్ ఆ పని చేస్తాయి. ఎవరిని, ఎక్కణ్ణుంచి, ఎన్ని గంటలకు, ఏ బండిలో అన్న నాలుగు ముక్కలు చాలు. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డును 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. ఆ రోజు ఫుటేజీ చెరపకుండా ఉంచాలని మొదటి వాయిదాలోనే పిటిషన్ వేయాలి. ఆలస్యం చేస్తే ‘కెమెరా పనిచేయలేదు’ అన్న జవాబు వస్తుంది. మేజిస్ట్రేట్ ముందు నిలబడ్డ మనిషి కూడా తనను ఎప్పుడు పట్టుకున్నారో నోరు తెరిచి చెప్పాలి. చాలామంది భయంతో తల మాత్రం ఊపుతారు.

మీ విలేకరులకు ఒక విన్నపం. ప్రతి అరెస్టు వార్తలో రెండు వేళలు వేయండి: ఇంటి నుంచి తీసుకెళ్లింది ఎప్పుడని కుటుంబం చెబుతోంది, మేజిస్ట్రేట్ ముందు పెట్టింది ఎప్పుడు. మధ్యలో ప్రెస్‌మీట్ ఎప్పుడు పెట్టారో కూడా వేస్తే మరీ మంచిది.

– ఒక న్యాయవాది, ఏలూరు