పాత మెర్సిడెస్ ఈ-క్లాస్ బ్రేకులు మార్పించేటోళ్లకు

అందరికీ నమస్తే. 2004 ఈ-క్లాస్‌కు ఏ బ్రేక్ ప్యాడ్లు తేవాలని గ్రూప్‌ల ఒక తమ్ముడు అడిగిండు. అసుంటి బండ్లున్నోళ్లు జర పూర్తిగ చదువుండ్రి.

మోడల్, సంవత్సరం చెప్పి సామాన్ కొనకుండ్రి. ఇంజిన్‌ను బట్టి అదే బండికి డిస్క్ సైజులు మారుతయి. ఆర్‌సీల ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబర్‌తోనే పార్ట్ నంబర్ తీయించుండ్రి. టెక్స్‌టార్, ఏటీఈ, బ్రెంబో కంపెనీలల్ల ఏదైనా మంచిదే, బిల్లు ఇచ్చే షాపుల తీసుకోండ్రి.

డిస్క్ బాగుందని కంటితోని చూసి చెప్తే నమ్మొద్దు. అంచు మీద తుప్పు గీకితే కనీస మందం మిల్లీమీటర్లల్ల చెక్కి కనపడతది. మైక్రోమీటర్‌తోని ప్యాడ్ రాసుకునే జాగల కొలవాలె. అంచుకు మిగిలిన గట్టు మీద కొలిస్తే ఎక్కువ చూపిస్తది. ఎడమ, కుడి రెండూ కలిపే మార్చాలె.

ఇగ అసలు భయం ఇక్కడుంది. 2002 నుంచి 2006 దాక వచ్చిన ఈ-క్లాస్‌లల్ల ఎస్‌బీసీ బ్రేకులు, అంటే కంప్యూటర్, కరెంటు పంపుతోని నడిచే బ్రేకులుంటయి. బండి ఆఫ్‌ల ఉన్నా, డోర్ తీస్తే చాలు, పంపు తనంతట తనే ప్రెషర్ ఇస్తది. ప్యాడ్లు తీసి ఉంటే వాటిని నూకే పిస్టన్ బయటికొస్తది, మెకానిక్ వేళ్లు నలుగుతయి. డయాగ్నస్టిక్ టూల్‌తోని ఆ సిస్టంను ఆపినంకనే కాలిపర్ (ప్యాడ్లను పట్టుకునే భాగం) ముట్టాలె. హన్మకొండల గాని, ఆటోనగర్‌ల గాని, బండి ఇచ్చేముందు ఈ టూల్ ఉందా అని అడుగుండ్రి. లేదంటే హైదరాబాద్ తీస్కపోవుడే.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం మాత్రమే, డాట్ 5 అస్సలు వద్దు. రెండేండ్లు దాటితే మార్పించుండ్రి, అది గాలిల తేమ గుంజుకుంటది.

తమ్ముడూ, ఛాసిస్ నంబర్ నాకు పర్సనల్‌గ పంపు, పార్ట్ నంబర్లు చూసి చెప్త.