అమ్మలూ, ఆ నట్టు ఇంక బిగించకు

నీ షెవర్లే ఇంజన్ చప్పుడు చేస్తోందని నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను, మూడోసారైతే మీ అమ్మ సీరియల్ సౌండ్ తగ్గించి మరీ విన్నాను, ఆ టిక్ టిక్ టాపెట్‌దే, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే మీటకీ (రాకర్‌కీ) మధ్య గ్యాప్ పెరిగిన చప్పుడు. కానీ వారానికోసారి అదే వాల్వ్ సెట్టింగ్ వదులైపోతోందంటే తప్పు గ్యాప్ సెట్ చేసే నట్టుది కాదమ్మా, రాకర్‌ని పట్టుకునే నిలువు కడ్డీ, ఆ స్టడ్డే పైకి లేస్తోంది. కవర్ తీసి, రాకర్లు విప్పి, స్టడ్ల తలల మీద స్టీల్ స్కేల్ అడ్డంగా పెట్టు, స్కేల్‌ని ఏది ఎత్తితే అదే దొంగ.

షెవర్లే 350 ఇంజన్ హెడ్లలో, అంటే వాల్వులుండే పైభాగాల్లో, చాలావాటికి స్టడ్లని మర లేకుండా నొక్కి దింపేస్తారు, మామూలు క్యామ్‌కి, అంటే వాల్వుల్ని తెరిపించే ఇరుసుకి, అది చాలు. నువ్వేమో పెద్ద క్యామ్ వేసి గట్టి స్ప్రింగులు పెట్టావు. వాల్వ్ తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ 150 కిలోలు తోస్తుందనుకో, రాకర్ రేషియో 1.5, అంటే వాల్వ్ వైపు చెయ్యి ఒకటిన్నర రెట్లు పొడుగు, కాబట్టి క్యామ్ నుంచి రాకర్‌ని తోసే కడ్డీ, పుష్‌రాడ్ వైపు 225, రెండూ కలిపి పాపం ఆ ఒక్క స్టడ్‌ని 375 కిలోలు పైకి లాగుతాయి, అదీ నిమిషానికి వేలసార్లు, లేవకేంచేస్తాది? గాజువాకలో నేను విప్పిన అంబాసిడర్లకి ఈ గొడవే లేదు, రాకర్లన్నీ ఒకే షాఫ్ట్ మీద కూర్చునేవి.

ముందు మర స్టడ్లు వేయించు, 7/16 అంగుళం సైజువి, కింద షట్కోణం, దాని కింద పుష్‌రాడ్లని పక్కకి జరగనివ్వని గైడ్ ప్లేట్, ఈ రెండూ పట్టేంత మందం హెడ్‌ని మిల్లింగ్ చేయించాలి. గైడ్ ప్లేట్ పెడితే పుష్‌రాడ్లు హార్డెన్ చేసినవే కొను, మెత్తవి అరిగిపోతాయి. మరలకి సీలెంట్ రాయడం మర్చిపోకు, కొన్ని రంధ్రాలు ఇంజన్‌ని చల్లబరిచే నీటిలోకి తెరుచుకుంటాయి, నేనోసారి హార్బర్‌లో బోటు ఇంజన్‌కి రాయకుండా బిగించేసి, మర్నాడు ఆయిల్ తీస్తే పాల కాఫీలా వచ్చింది, ఓనరు తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి.

ఆ తర్వాతే నువ్వు వేద్దామంటున్న గర్డిల్. పెళ్లి పందిరి గుంజలు విడివిడిగా ఊగుతాయి కదా, పైన అడ్డంగా వెదురు కట్టేస్తే ఆగుతాయి, ఇదీ అంతే, అల్యూమినియం పట్టీలు స్టడ్లన్నిటినీ కలిపి పట్టుకుంటాయి. లేచిపోయే స్టడ్‌కి మాత్రం గర్డిల్ మందు కాదు, డబ్బు దండగ. బిగించాక టాపెట్ గ్యాప్ మళ్లీ చూడు, మారుతుంది. పాత కవర్ పట్టదు, ఎత్తుది కావాలి.

ఆదివారం స్కేల్ పెట్టి వీడియో కాల్‌లో చూపించు, అమ్మ లైన్లోకి రాకముందే, స్టడ్ మాటలు వింటే ఫోన్ లాగేసుకుంటాది.

నాన్న