కార్జంలో షెర్రీ గోల

ఒరేయ్ మావా,

రిప్లై లేటయిందని తిట్టుకోకు, ఇక్కడ స్పెయిన్‌లో, సెవిల్‌లో ఎండలు దంచేస్తున్నాయి, సాయంత్రం దాకా బుర్ర పనిచెయ్యట్లేదు. వంటలోకి ఏ వైన్ కొనాలి అని అడిగావుగా, ముందు నా పరువు పోయిన కథ విను.

మొన్నామధ్య ఆఫీసు వాళ్ళిద్దర్ని భోజనానికి పిలిచా, కోడి కార్జం షెర్రీ అనే ఇక్కడి వైన్‌లో చేద్దామని. ఇక్కడ కిడ్నీలు, మీట్‌బాల్స్ కూడా దీంతో వండేసి పేరు చివర ‘అల్ హెరెస్’ అని తగిలిస్తారు, హెరెస్ ఊరు ట్రైన్లో గంట దూరమే, షెర్రీ అన్న పేరు కూడా దాన్నించే వచ్చింది. షాపులో సీసా మీద క్రీమ్ అని ఉంటే గ్రేవీకి బావుంటుందేమోనని తెచ్చా. తీరా చూస్తే అందులో మీగడా లేదు పాడూ లేదు, ఒట్టి తియ్యటి షెర్రీ! కార్జం బెల్లం పాకంలో వేసినట్టయింది. పాపం వాళ్ళు బ్రెడ్డుతోనే కడుపు నింపుకున్నారు.

కాబట్టి నువ్వు డ్రైదే, అంటే తీపి లేనిదే కొను. చేపలు, రొయ్యల్లోకైతే ఫీనో అనే రకం షెర్రీ. పాలొమీనో ద్రాక్ష వైన్‌లో కాస్త ద్రాక్ష సారా కలిపి 15 శాతానికి తెచ్చి పీపాల్లో పెడతారు, పైన ఈస్ట్ తెల్లగా మీగడలా కట్టి గాలి తగలనివ్వదు, అందుకే రంగు లేతగా ఉంటుంది. మాంసానికి ఒలొరోసో. దాన్ని 17 దాటిస్తారు, ఆ ఘాటుకి ఈస్ట్ బతకదు, గాలి తగిలి ముదురు రంగొచ్చి వాల్‌నట్ వాసన కొడుతుంది.

రెండోసారి ఒలొరోసోతోనే చేశా. కార్జం వేయించి పక్కకి తీసి, అదే పాన్‌లో ఉల్లి, వెల్లుల్లి మగ్గాక అర గ్లాసు పోస్తే చుయ్‌మని పొంగి ఘాటు ముక్కుకెక్కింది, అడుగున పట్టిందంతా చెక్క గరిటతో గీకి, రసం గరిటకి అంటుకునేదాకా మరిగించి, కార్జం మళ్ళీ వేసి ఒక్క నిమిషం. అబ్బా! మనోళ్ళ కార్జం వేపుడు దారి వేరులే, దానికీ దీనికీ పోటీ పెట్టకు.

మీ డల్లాస్ సూపర్‌మార్కెట్లలో కుకింగ్ షెర్రీ అని దొరుకుతుంది చూడు, దాని జోలికెళ్ళకు, ఉప్పు కలిపేస్తారు. ఫీనో మూత తీస్తే ఫ్రిజ్‌లో పెట్టి వారంలో అవగొట్టు, చైనీస్ వంటల్లో షావోషింగ్ వైన్ బదులు కూడా పోసుకోవచ్చు, అయినా మిగిల్తే తాగడం నీకు నేర్పాలా?

అన్నట్టు, ఉడికితే మందంతా ఆవిరైపోతుందని అమ్మకి చెప్పా, అది అబద్ధంరా, పావుగంట ఉడికించినా 40 శాతం దాకా ఉంటుందట, నువ్వు నోరు జారకు.

ఈ వీకెండ్ చేసి ఫోటో పంపు, పాన్ అడుగుది కూడా.